నిజమా మామా, ఎగతాళా?

పోయిన నెల తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో రిసెప్షన్‌కు ముందు సౌండు సరిచూసుకుంటున్నాం. బేస్ గిటారు భుజాన వేసుకుని, ఎడమచేత్తో తీగలు అదిమిపట్టి, మైకు పలుకుతోందో లేదో చూద్దామని మూతి దగ్గరికి తెచ్చాను. పెదవికి మైకు జాలీ తగిలీ తగలకముందే జిల్లుమంది. చీమ కుట్టినంత, అంతే. నోట్లో రాగిపైసా నాకిన రుచి. నేను వేసిన కేకకు స్టేజీకి పూలు కడుతున్న ఆడవాళ్లు దండలు వదిలేసి లేచి నిలబడ్డారు. "ఆపండ్రా, మెయిను ఆపండి! ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు!" అని అరుస్తూ నేనే పరిగెత్తాను. కీబోర్డు వాయించే అతను నన్ను వింతగా చూసి, "ఏందన్నా, సిన్న తిమ్మిరికి ఇంత గోల చేస్తా ఉండావు? రెండు పాటలైతే అదే అలవాటైపోతాది" అన్నాడు. వాణ్ణి లాగి ఒకటి పీకాలనిపించింది. చివరికి చూస్తే ఎవరో మహానుభావుడు మూడుకాళ్ల ప్లగ్గులో లావుకాలు, అంటే ఎర్త్ పిన్ను, రెండు రంధ్రాల సాకెట్టులో పట్టడం లేదని కత్తిరించి పారేశాడు. అది మార్చేదాకా నేను గిటారు ముట్టలేదు. పెళ్లికూతురి తండ్రి తిట్టాడు, మావాళ్లు "ఈయనకు చాదస్తం ముదిరింది" అని గొణిగారు. అననీ. ఆ చాదస్తం నా సొంతం కాదు. అది నాకు చిత్తూరులో వజీర్ మామ దగ్గర వచ్చింది, వచ్చిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు చల్లబడుతుంది.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చిత్తూరులో ఒక సందు చివర రేకుల అంగడి, పైన "మోటారు వైండింగు చేయబడును" అనే బోర్డు. చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటార్లు కాలిపోతే రైతులు మోసుకొచ్చి ఆయన ముందు పడేసేవాళ్లు. అంగడికి ఎడమవైపు కాలిన మోటార్లు, కుడివైపు గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన గిటార్లు. మొదటిసారి చూసినవాడు తప్పు అంగడికి వచ్చాననుకుని వెనక్కి తిరిగేవాడు. ఈయన వయసులో ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడట. ఒకసారి దాని పికప్పు, అంటే తీగల కింద ఉండే అయస్కాంతపు పెట్టె, చచ్చిపోయింది. బాగుచేసేవాళ్లు మద్రాసు దాకా లేరు. విప్పి చూస్తే లోపల అయస్కాంతం చుట్టూ రాగితీగ చుట్ట. "ఇదేందిరా, మన మోటారే కదా, కాకపోతే బుజ్జిది" అనుకుని తనే చుట్టేశాడు. ఆ రోజు నుంచి తిరుపతి, చిత్తూరు, పలమనేరు వైపు ఆర్కెస్ట్రాల గిటార్లన్నీ ఈ మోటారు అంగడికే వచ్చేవి. పొట్టి మనిషి, తెల్లగడ్డం, ముక్కు చివర కళ్లద్దాలు. ఎప్పుడూ ఎవరో ఒకర్ని ఆటపట్టిస్తూ ఉండాలి, లేకపోతే ఆయనకు అన్నం అరగదు.

నేను ఐరాల దగ్గరి పల్లెవాణ్ణి. నాయన చెరుకూ మామిడీ చూసుకునేవాడు. నేను డిగ్రీ అయ్యాక చిత్తూరులో ఒక ఎరువుల అంగట్లో పనిచేస్తూ, సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాణ్ణి. పాటలో అడుగున ఉండే లావుపాటి శబ్దం మాది. వినేవాళ్లకు అది ఉందనే తెలియదు, ఆపేస్తే మాత్రం పాటకు ఏదో అయిందని అందరికీ తెలుస్తుంది. అద్దె గిటారుతో విసిగిపోయి సొంతానికి ఒకటి కొన్నాను. నీలం రంగు, ముఖం చూసుకునేంత మెరుపు. దాన్ని ఊరేగించుకుంటూ వజీర్ మామ దగ్గరికి తీసుకెళ్లాను. శబ్దం కాస్త మందంగా ఉంది, సరిచేస్తాడని.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమప్పా, పెండ్లికూతుర్ని సూడబోయి పట్టుచీర సూసి వచ్చినట్టుండావే" అన్నాడు. శబ్దం పెంచే పెట్టె, ఆంప్‌కు తగిలించనే లేదు. గిటారు తలను తన చెక్కబల్లకు ఆనించి లావుతీగ మీటాడు. బల్ల ఉలకలేదు, పలకలేదు. తర్వాత గోడమీది నుంచి రంగుపోయి గీతలుపడ్డ పాత బేస్ ఒకటి దించి అట్లాగే ఆనించి మీటాడు. బల్లంతా గుమ్మని మోగింది, దానిమీద డబ్బాలో ఉన్న మరలు గలగలమన్నాయి. నా చేతివేళ్లకు ఆ అదురు తెలిసింది. కరెంటు లేదు, వైరు లేదు, ఉత్త కొయ్య అంత పలకడమేమిటి! "కరెంటు లేకుండా మాట్లాడేదానికే కరెంటు ఇయ్యాల. మాట్లాడనిదానికి ఇస్తే అరుస్తాది" అన్నాడు. "మరి దీన్నేం చేయాల మామా?" అన్నాను ఏడుపు ముఖంతో. "సెరువులో వేసేయ్" అన్నాడు. నా ముఖం ఇంకా పాలిపోయింది. అప్పుడు పకపకా నవ్వాడు. "నమ్మేసినావా రా? పో, పోయి టీ తాగిరా."

టీ తాగి వచ్చేసరికి నా నీలం గిటారు రెండు ముక్కలై నేలమీద ఉంది. చేతిలో రంపం పట్టుకుని ఆయన నింపాదిగా కూర్చున్నాడు. ఓరి దేవుడా! "మామా!" అని అరిచాను. ఆయన ముక్క తీసి నా కళ్ల ముందు పెట్టాడు. "సూడు, లోపల చెక్క యాడుండాది? రంపంపొట్టు గట్టిగా నొక్కి అతికించినారు. నీ నీలం రంగు దీనికి కట్టిన చీర. మెడ మాత్రం మంచిది, వంకర లేదు. దీన్ని పెట్టుకుందాం" అన్నాడు. పాత ఇల్లు కూల్చినచోట తెచ్చిన పనసదూలం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని కోసి, చిత్రిక పట్టి, మూడువారాల్లో దానికి నా గిటారు మెడను బిగించాడు. పికప్పు విప్పి, తలవెంట్రుక కంటే సన్నని రాగితీగతో మళ్లీ చుట్టాడు. చుట్లు ఉర్దూలో లెక్కపెట్టుకుంటూ చుట్టేవాడు, మధ్యలో ఎవరైనా పలకరిస్తే వాడి ఏడుతరాలూ పైకి లేచేవి, మళ్లీ మొదటినుంచి చుట్టాల్సిందే. తీగలు మెడ మొదట్లో ఆనేచోట ప్లాస్టిక్కు పీకేసి, బక్రీదుకు కోసిన పొట్టేలి ఎముక అరగదీసి పెట్టాడు. ఇంట్లో మా అమ్మ ఆ సంగతి విని గిటారును దేవుడి గదివైపు రానివ్వకుండా వసారాలో పెట్టించింది. కానీ ఆ గిటారు పలికిన మొదటి రోజు, మా నాయన, పాటంటే చెవినబెట్టని మనిషి, పొలం నుంచి వచ్చి గడపలో నిలబడిపోయి "ఇదేందిరా, నా కడుపులో మోగతా ఉండాది" అన్నాడు.

ఆయనతో వచ్చిన చిక్కేమిటంటే, ఏది నిజమో ఏది ఎగతాళో ముఖంలో తెలిసేది కాదు. ఒకసారి నా గిటారు తీగలు మొద్దుబారిపోయాయి, కొత్తవి కొనాలన్నాను. "ఎందుకప్పా, తీసి నీళ్లల్లో పది నిమిషాలు ఉడకబెట్టు, కొత్తవైపోతాయి" అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట. ఉడకబెట్టి తాళింపు కూడా పెట్టాల్నా మామా?" అన్నాను. ఈసారి నేను మోసపోలేదు కదా అని లోపల గర్వం. నెలరోజులు మొద్దు తీగల మీదే వాయించాను. చివరికి ఆయనే మా ఇంటికి వచ్చి, మా అమ్మను గిన్నె అడిగి, తీగలు తీసి పొయ్యిమీద పెట్టాడు. నీళ్లు నల్లగా మారాయి. తుడిచి ఎండబెట్టి బిగిస్తే గంటలా మోగాయి. మా అమ్మ నోటిమీద వేలేసుకుంది. "సెమట, జిడ్డు తీగసుట్లలోకి పోయి ఉంటాదిరా, ఉడికితే ఊడొస్తాది, అంతే" అన్నాడాయన మామూలుగా. ఆయన నిజం చెబితే నేను నవ్వాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దాని రెండో సగం ఇంకా ఘోరం.

ఆ గిటారుకు తగిన ఆంప్ కూడా ఆయనే చేశాడు. మామిడిచెక్కతో బీరువాలాంటి పెట్టె, లోపల శబ్దం గోడలకు కొట్టుకోకుండా మా అవ్వ కుట్టిన పాత బొంత కత్తిరించి అంటించాడు. పాడైన స్టెబిలైజరు నుంచి పీకిన ట్రాన్స్‌ఫార్మరు పెట్టాడు. "ఇది పాతది, కరెంటు కొంచెం కారతా ఉంటాది. ఎర్త్ సరిగ్గా ఉంటే ఏం బయంలేదు" అని అప్పుడే చెప్పాడు. పల్లెల్లో ప్రోగ్రాములకు ఆయనే మాతో వచ్చి సామానంతా కలిపేవాడు. స్టేజీ మూలలో ఇనుపకడ్డీ ఒకటి భూమిలోకి దిగ్గొట్టేవాడు, దానికి ఒక వైరు కట్టేవాడు. తర్వాత గుప్పెడు కల్లుప్పు తీసి కడ్డీ మొదట్లో పోసి, బిందెడు నీళ్లు చెంబుతో మెల్లగా పోసేవాడు. పోస్తూ పెదవులు కదిలించేవాడు. చూసేవాళ్లకు మంత్రంలా ఉండేది. ఉప్పు, నీళ్లు, మూల, మంత్రం. మా ఊళ్లో ఏ పసిబిడ్డనడిగినా అదేమిటో చెబుతుంది. నేను అయినా అడిగాను. "మామా, దిష్టా?" ఆయన నావైపు చూశాడు. కళ్లద్దాల మీది నుంచి. "మరి? ఎస్తేరు పాడతా ఉంటే ఊరు ఊరంతా నోరు తెరిసి సూస్తా ఉండాది కదప్పా. దిష్టి తియ్యకుంటే ఎట్ల?" అన్నాడు. నేను తలూపాను. అంతే. రెండేళ్లు ఆ దృశ్యం చూశాను, ఒక్కనాడు కూడా ఇంకోమాట అనుకోలేదు. సాయిబైనా మన పద్ధతులు పాటిస్తాడని మావాళ్లతో గొప్పగా కూడా చెప్పుకున్నాను.

ఎస్తేరక్క మా గాయని. చర్చిలో పాడుతూ పెరిగింది, మాకంటే పదేళ్లు పెద్దది. ఇద్దరు ఆడపిల్లలు. ఆమె గొంతెత్తితే నా బేస్ తనంతట తనే దారి వెతుక్కునేది. ఆమె భర్త బస్సు డ్రైవరు, డ్యూటీ లేని రోజు మాతోపాటు వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు.

ఆ ఏడు నడివేసవిలో సత్యవేడు వైపు ఒక పెళ్లికి ప్రోగ్రాము ఒప్పుకున్నాం. ఆ వారమే పలమనేరులో మామ కూతురికి కాన్పయింది. మనవణ్ణి చూడ్డానికి పోతూ నన్ను పిలిచి సామానంతా ఎట్లా కలపాలో చెప్పాడు. ఏ వైరు ఎందులోకో రంగుదారాలు కట్టి ఇచ్చాడు. బస్సెక్కబోతూ కిటికీలోంచి, "రే శేఖరా, కడ్డీ దిగ్గొట్టినాక ఉప్పూ నీళ్లూ మరిసిపోవద్దు. నేలెండిపోయి ఉండాది" అన్నాడు. "మర్చిపోను మామా, నేను చూసుకుంటా" అన్నాను. మర్చిపోలేదు కూడా. అదే కదా నా ఖర్మ.

మధ్యాహ్నం నాలుగింటికి స్టేజీ దగ్గర పని మొదలుపెట్టాను. నేల రాయిలా ఉంది. కడ్డీ జానెడు దిగి ఆగిపోయింది. సరేలే, నేలకు తగిలింది కదా అనుకుని వైరు కట్టేశాను. ఇక దిష్టి. మామ లేడు, నేను ఇంకా శ్రద్ధగా చేయాలనిపించింది. మా అవ్వ చేసినట్టే గుప్పెట్లో ఉప్పు పట్టుకుని ఆంప్ చుట్టూ మూడుసార్లు కుడినుంచి ఎడమకు, మూడుసార్లు ఎడమనుంచి కుడికి దిగదుడిచాను. ఎస్తేరక్క పక్కనే ఉంటే ఆమెకూ దిగదుడిచాను. "నాకెందుకురా, నాకు ఏసయ్య ఉండాడు" అని నవ్వింది. ఉప్పు బిందెలో నీళ్లలో వేసి, ఎవరూ తొక్కకూడదని దూరంగా తీసుకెళ్లి మూడుదారులు కలిసేచోట పారబోసి, వెనక్కి చూడకుండా వచ్చాను. కడ్డీ కింద ఒక్కచుక్క పడలేదు.

గిటారు తీగలమీద చేయి పెట్టగానే వేళ్లకు సన్నగా తిమ్మిరి. నాకు తెలిసింది, అవును, తెలిసింది. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి తిమ్మిరితో సరిపోయింది. దిష్టి తీశాం కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఎస్తేరక్క చెప్పులు విడిచి స్టేజీ ఎక్కింది, ఆమెకు స్టేజీ మీద చెప్పులు వేసుకునే అలవాటు లేదు. పందిరి ఇనుపగొట్టాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో మైకు అందుకుని "హలో" అంది. ఆ రెండో అక్షరం పూర్తికాలేదు. ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది, అది మనిషి గొంతు కాదు. మైకు వదలడం లేదు, గొట్టం వదలడం లేదు. మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ముందు వరసలోంచి ఆమె భర్త దూకొచ్చి కరెంటు బోర్డు వైరును ఊడబెరికాడు. ఆమె నరికిన చెట్టులా నామీద పడింది. ఊపిరి లేదు. అతను గుండెమీద మోదుతూ "ఎస్తేరూ, ఎస్తేరూ" అని అరుస్తూనే ఉన్నాడు. ఎంతసేపో నాకు తెలియదు. ఒక దగ్గు వచ్చింది. ఆ దగ్గంత మంచి శబ్దం నేను నా జీవితంలో వినలేదు. పెళ్లివారి కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లారు. కింది పెదవి కాలింది, అరచేయి కాలింది, ప్రాణం మాత్రం నిలిచింది.

కబురు తెలిసి వజీర్ మామ పలమనేరు నుంచి వచ్చాడు. ఆస్పత్రిలో ఆమెను చూసి, తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకుని ఆ పందిరి దగ్గరికి పోయాడు. కడ్డీని రెండువేళ్లతో పట్టి లాగాడు, గడ్డిపుల్లలా ఊడివచ్చింది. వంగి మట్టి తీసి నలిపాడు. పొడి. "ఉప్పు పొయ్యలేదా?" అన్నాడు. "పోసినా మామా." "యాడ?" "దిగదుడిచి, ఆ మూడుదారుల కాడ పారబోసినా. ఎవరూ తొక్కలేదు, నేను సూసుకున్నా" అన్నాను. ఇంకా నాకు అర్థం కాలేదు చూడండి, నేను చేసిన పని సరిగ్గా చేశానని ఆయనకు నచ్చజెబుతున్నాను! ఆయన నా ముఖంలోకి చూశాడు. "దిగదుడిసినావా? దేనికి?" "దిష్టికి మామా." "దిష్టని నీకెవురు సెప్పినారురా?" అన్నాడు కోపంగా.

"నువ్వే మామా."

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను కళ్లారా చూశాను. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కిందికి జారి ఆ ఎండిన మట్టిలో కూర్చున్నాడు. "ఎండిన నేల కరెంటును తీసుకోదురా. ఉప్పునీళ్లు తాగితే తీసుకుంటాది. నీ ఆంప్‌లో కారే కరెంటు కడ్డీలోంచి నేలలోకి పోవాల్నని పోసేది. నేల తీసుకోలేదు. సామానంతటికీ ఎర్త్ వైరు ఒకటే కదా, అది పోయి పోయి ఆ బిడ్డ మైకులోకి పోయింది." "మరి ఆ మంత్రం?" అన్నాను. "మంత్రమా? కడ్డీకి ఎన్ని సెంబులు పట్టినాయో లెక్కపెట్టుకునేదిరా, వెర్రోడా" అన్నాడు. అప్పుడుగానీ నాకు తలకెక్కలేదు. ఆ పందిరికింద ఇద్దరం దొంగల్లా కూర్చుండిపోయాం. ఆయన ఎగతాళి చేస్తే నేను నమ్మాను. "నవ్వు నాలుగు విధాల చేటని మా అమ్మీజాన్ కూడా అంటా ఉండె" అన్నాడు చివరికి, నాతో కాదు, ఆ మట్టితో. ఆస్పత్రికి తిరిగొచ్చి ఎస్తేరక్క భర్త రెండుచేతులూ పట్టుకుని, "నీ పెండ్లాన్ని నేనే సంపబోయినానప్పా. ఈ పిల్లోడిది కాదు తప్పు, నా నోటిది" అన్నాడు. నేను "కాదు, నాదే" అన్నాను. తిమ్మిరి సంగతి కూడా చెప్పేశాను. అతను మా ఇద్దర్నీ చూసి తల పట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి వజీర్ మామ నాతో ఎగతాళి మానేశాడు. నాతోనే కాదు, ఎవరితోనూ ఆడలేదు. అంగట్లో పని నేర్పుతాడు, కానీ ప్రతిమాటా తూచినట్టు. ఈ వైరు ఇందుకు, ఈ మర ఇందుకు. చెప్పినదాన్ని నాచేత తిరిగి చెప్పించుకునేవాడు. ఆ ఆంప్ ట్రాన్స్‌ఫార్మరు మార్చేశాడు, పాతదాన్ని సుత్తితో కొట్టి పనికిరాకుండా చేశాడు. నేను ఎరువుల అంగడి మానేసి ఆయన దగ్గరే చేరాను. నేర్చుకున్నది అంతా ఆ మౌనంలోనే నేర్చుకున్నాను. మెడ ఎండకు ఎంత వంగుతుందో, వానకు ఎంత లేస్తుందో, ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో. కానీ నాకు ఆ నేర్పుకంటే ఆయన వెక్కిరింత మీదే ప్రాణం కొట్టుకులాడేది. కావాలని వెర్రిప్రశ్నలు వేసేవాణ్ణి. "మామా, ఈ గిటారుకు కూడా రంజాను నెలలో ఉపవాసం ఉంటాదా?" అంటే, "ఉండదు" అనేవాడు. అంతే. కళ్లద్దాల మీది నుంచి చూసేవాడే కాదు. ఆయన ఆటపట్టించాడంటే నన్ను క్షమించినట్టు, తనను తాను క్షమించుకున్నట్టు. అది ఎప్పటికైనా వస్తుందా అని రోజూ ఎదురుచూసేవాణ్ణి. ఎస్తేరక్క ఆరునెలలకు మళ్లీ పాడింది. ఒకరోజు అంగడికి వచ్చి, కింది పెదవిమీద తెల్లమచ్చతో నవ్వుతూ, "కరెంటు కొట్టింది నాకైతే, మాట పడిపోయింది నీకా సాయిబూ?" అంది. ఆయన ఆమెకు కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. నవ్వలేదు. ఆమె వెళ్లాక నావైపు తిరిగి వైర్లు అతికించే సోల్డరు ఎంత వేడికి కరుగుతుందో చెప్పసాగాడు.

అట్లా ఏడేళ్లు. తర్వాత ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. అంగడి నా చేతికొచ్చింది. నేను ఒక్కడినే మొదటినుంచి చివరిదాకా ఒక బేస్ చేశాను. చెక్క నేనే ఎంచి, మెడ నేనే చిత్రికపట్టి, పికప్పు నేనే చుట్టాను. అది ఒక ఉదయం ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దిండుకు ఆనుకుని లేచి, మెడమీద బొటనవేలు పోనిచ్చాడు, చెక్కను తడిమాడు. పికప్పు మూతను విప్పమన్నాడు. రాగిచుట్టను కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ముఖం ముడుచుకుపోయింది. "ఏ దిక్కుకు సుట్టినావు?" అన్నాడు. "గడియారం దిక్కుకు మామా." "అయ్యయ్యో" అన్నాడు. "మరి ఎడమసెయ్యోడు వాయిస్తే ఎట్లరా? వానికి పాట ఎనకనుంచి వస్తాది కదా!"

నేను నిజంగా కంగారుపడ్డాను. ఎంత పని చేశాను, ఇది ఎందుకు తట్టలేదు అనుకున్నాను. ఏడేళ్లుగా ఆయన నోటివెంట వచ్చిన ప్రతిమాటా నిజమే కదా. "విప్పేసి మళ్లీ సుడతా మామా, రెండురోజులు టైమియ్యి" అన్నాను. ఆయన ముక్కుచివరి కళ్లద్దాల మీది నుంచి నన్ను చూశాడు. పెదవి ఒకవైపు వంగింది. భుజాలు కదిలాయి. తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ నవ్వాడు. "నమ్మేసినావా రా? నమ్మేసినావా, నా బంగారు వెర్రోడా!" వంటింట్లోంచి ఆయన భార్య, మా అత్త, పిండిచేతులతోనే పరిగెత్తుకొచ్చి, ఆయన నవ్వు చూసి గుమ్మంలోనే నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను ఆయన కాళ్లమీద తలపెట్టి ఏడ్చాను. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

నవ్వు తగ్గాక పికప్పును నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసి, "నీ సెయ్యి నాకంటే మంచిదిరా శేఖరా" అన్నాడు. అదే చూపు, కళ్లద్దాల మీది నుంచి. పెదవి అదే పక్కకు వంగి ఉంది. "నిజమా మామా, ఎగతాళా?" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు, భుజాలు ఇంకా సన్నగా కదులుతూనే ఉన్నాయి. నాలుగోరోజు పోయాడు. మళ్లీ అడిగే అవకాశం నాకు రాలేదు.

ఇప్పటికి ఎన్ని గిటార్లు నా చేతిమీదుగా పోయాయో. బాగుందని అందరూ అంటారు, దూరంనుంచి వెతుక్కుంటూ వస్తారు. నేను మాత్రం ఏ గిటారూ మొదటిసారికే ఇచ్చి పంపలేదు. మూత బిగించి, తుడిచి, వాళ్ల చేతిలో పెట్టబోతూ మళ్లీ వెనక్కి తీసుకుంటాను. ఆ మనిషి అన్నది నిజమే అయ్యుంటే విప్పి చూడాల్సిన పనిలేదు. ఎగతాళే అయ్యుంటే, నేను ఎక్కడో తప్పు చేశాను, అది ఆయన కంటపడింది. రెండిట్లో ఏదన్నది తేలక, ఇంకొక్కసారి విప్పి చూస్తాను.